కలవని సున్నాలు

ఆ ఇంటి తలుపు తట్టేసరికే నాకంతా తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే, నేనెంత తెలివితక్కువ వెధవనో. అది తెలియడానికి ఇంకో గంటా పావు పట్టింది.

మధ్యాహ్నం రెండూ ఇరవై. తలుపు తీసింది ఆ ఇంటావిడ. బట్టలు కుట్టే మనిషి, కొలతల టేపు ఎప్పుడూ మెడలోనే వేలాడుతుంటుంది. తొమ్మిది నెలల కిందట ఒక గురువారం సాయంత్రం నాలుగూ పదికి, కాగితాల చుట్ట ఒకటి చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళిన ఆవిడ కూతురు మళ్ళీ ఇంటికి రాలేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు. ఇరవై మూడో రోజున పిచ్చుక దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బాగానే ఉన్నాను, ఇష్టపడే వెళ్ళాను, నా కోసం వెతకొద్దు అని. ఆ తర్వాత మరో ఐదు వచ్చాయి. వచ్చిన ప్రతిదాన్నీ తల్లి స్టేషన్‌కి తీసుకెళ్ళి చూపించింది. రెండోదానికే పోలీసులు ఫైలు మూసేశారు. పది రోజుల కిందట ఆవిడ నా దగ్గరికి వచ్చి, "అదెక్కడుందో కనుక్కోండి అన్నయ్యగారూ. ఇంటికి రమ్మని అడగను. దూరం నుంచి ఒక్కసారి చూసి వచ్చేస్తాను" అంది.

నేను పదిహేనేళ్ళు పోలీస్ స్టేషన్లో రైటరుగా చేసినవాణ్ణి. పరాయివాళ్ళ రాతలు చదివి చదివి కళ్ళజోడు మందం పెంచుకున్నవాణ్ణి. ఆ ఉద్యోగం పోయాక, తప్పిపోయినవాళ్ళని వెతికిపెట్టడమే నా బతుకుతెరువు. ఆ ఆరు ఉత్తరాలనీ వారం రోజులు బల్ల మీద పెట్టుకుని చూశాక నిద్ర పట్టడం మానేసింది.

"ఆయన ఉన్నారా చెల్లెమ్మా?"

"వెనక గదిలో ఉన్నారు." గొంతు తగ్గించింది. కుట్టాల్సిన బట్టల గుట్ట కింద నుంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టింది. "పొద్దున ఇంకోటి వచ్చింది. ఏడోది. ఆయనకి చెప్పలేదు. మిమ్మల్ని పెట్టుకున్న దగ్గర్నుంచీ ఉత్తరం ఊసెత్తితే చాలు కస్సుమంటున్నారు. ఇందులో కూడా బాగున్నాననే రాసింది."

ఆవిడ మొహంలో ఆ వెలుగు చూడలేక తల తిప్పుకున్నాను. కవరు విప్పనైనా విప్పలేదు, ముందూ వెనకా చూడనైనా చూడలేదు. జేబులో కుక్కేసి వెనక గదికి నడిచాను.

ఇంటాయన కాటాలు బాగుచేసే మనిషి. మిల్లుల్లో, గోదాముల్లో ఉండే పెద్ద పెద్ద తూకం యంత్రాలు సరిచూడటానికి ఊళ్ళు తిరుగుతుంటాడు. నన్ను చూసి చేతిలో ఉన్న తూకపు రాయిని బల్ల మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు.

"మొదటి ఉత్తరం మీద తపాలా ముద్ర మూడో తారీఖుది," అన్నాను. కూర్చోమంటాడేమో అని కూడా చూడలేదు. "ఆ రోజు మీరెక్కడున్నారు?"

"పంచదార మిల్లులో. కాటా పనికి."

"ఆ మిల్లున్న ఊరూ, ముద్రలో ఉన్న ఊరూ ఒకటే. రెండోది పడ్డ రోజు రైల్వే గోదాములో ఉన్నారు, మూడోదానికి సిమెంటు ఫ్యాక్టరీలో. మీ ఆఫీసు డైరీ చూసి వచ్చాను. ఆరుకి ఆరూ మీరు వెళ్ళిన ఊళ్ళే."

"తిరిగే ఉద్యోగం సార్. పోస్టాఫీసు లేని ఊరుంటుందా?"

"ఉండదు. మరి మీ అమ్మాయి మీ వెనకాలే ఊళ్ళు తిరుగుతోందా?"

నేను రెండు ఉత్తరాలు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించాను. చివర 'మీ పిచ్చుక' అన్న మాటలు రెండూ కలిసిపోయి ఒక్కటే అయ్యాయి. తలకట్టు మీద తలకట్టు, కొమ్ము మీద కొమ్ము.

"నా సంతకం నేనే రెండుసార్లు ఒక్కలా పెట్టలేను. ఇంకోటి చెప్పనా? పిచ్చుకది పుర్రచెయ్యి. కాలేజీ నోటుబుక్కుల్లో ప్రతి పేజీలోనూ సిరా అలుక్కుపోయి ఉంది, రాసిన దాని మీదుగానే చెయ్యి జరుగుతుంది కాబట్టి. ఈ ఆరింటిలో ఒక్క మరకైనా చూపించండి. కాగితం నాలుగు మూలలా టేపు పీకిన గుర్తులున్నాయి. అమ్మకి ఉత్తరం రాసేవాళ్ళు కాగితానికి నాలుగు పక్కలా టేపు వేస్తారా? ఇక సున్నాలు చూడండి. ఒక్కటీ కలవలేదు. అన్నిటికీ కుడి పక్క పైన, ఒకే చోట సందు."

ఆయన బల్ల మీద దుమ్ము పేరుకుని ఉంది, ఒక్క చోట తప్ప. ఉత్తరం కాగితం కంటే కాస్త పెద్దదిగా, నలుచదరంగా తుడిచినట్టున్న జాగా. నేను దాని మీద వేలు పెట్టి, గోడ అలమారు వైపు చూశాను.

"తాళం ఇస్తారా, పగలగొట్టమంటారా?"

ఇచ్చాడు.

అలమారులో, పాత దుప్పటి కింద, ఉందది. పాత స్కానరులోంచి పీకిన రెండు ఉక్కు కడ్డీలు, పాడైపోయిన ప్రింటర్ల మోటార్లు, పళ్ళ బెల్టు, నారింజ రంగు ప్లాస్టిక్ ముక్కలు. చివర ఒక పట్టులో మామూలు నీలం పెన్ను. పెన్ను ఎత్తి దించడానికి చిటికెన వేలంత మోటారు. కంప్యూటరు చెప్పినట్టల్లా పెన్ను పట్టుకుని గీసే యంత్రం.

"మా పిచ్చుక చేతి పనే సార్," అన్నాడాయన. దుప్పటి మడతపెడుతూ మాట్లాడుతున్నాడు, నా వైపు చూడటం లేదు. "ఆ ప్లాస్టిక్ ముక్కలన్నీ వాళ్ళ ఆఫీసు త్రీడీ ప్రింటరు మీద తీసింది. ఒక్కో ముక్కకి ఆరేడు గంటలు. చక్రం రెండుసార్లు పళ్ళు విరిగింది. మూడోసారి తీసినప్పుడు ఇంటికొచ్చి ఎగిరి గంతేసింది. తన రాతే దీనికి నేర్పింది. ఒక్కో అక్షరం, గుణింతం, ఒత్తులు, అన్నీ."

"ఆ గురువారం చంకలో పెట్టుకెళ్ళిన కాగితాలు?"

"దీంతో రాయించినవే. ఎవరో ఆఫీసరుతో పందెం వేసిందట. మిషన్ రాతని ఆమడ దూరం నుంచి పట్టేస్తానన్నాడట ఆయన. సగం తను రాసి, సగం దీంతో రాయించి తీసుకెళ్ళింది. పేరు చెప్పలేదు. పందెం సంగతి స్టేషన్లో చెప్పాను సార్. రాసుకోలేదు."

"మరి ఈ సందేమిటి?"

ఆయన ఒక నారింజ ముక్కని వేలితో తాకాడు. బెల్టు కొసని పట్టి ఉంచే ముక్క. నడిమికి చిట్లింది. దాని చుట్టూ నల్లటి కుట్టు దారం గట్టిగా చుట్టి ఉంది. "పిల్ల వెళ్ళాక ఇది చిట్లింది. మళ్ళీ ప్రింటు తీయాలంటే దానికే తెలుసు. ఇనుమైతే నా చేతికి లొంగుతుంది, ప్లాస్టిక్ సంగతి నాకేం తెలుసు? మా ఆవిడ దారం చుట్టాను. మలుపు తిరిగినప్పుడల్లా బెల్టు వెంట్రుకవాసి జారుతుంది. సున్నా మొదలెట్టిన చోటికి వచ్చి కలవదు."

వెంట్రుకవాసి తేడా వస్తే కాటాకి ముద్ర వేయని మనిషి, ఎనిమిది నెలల నుంచి ఆ సందు చూస్తూ ఎలా ఊరుకున్నాడో అనుకున్నాను. అడగకముందే ఆయనే చెప్పాడు.

"పిల్ల కనపడకుండా పోయిన ఇరవై రోజులకి మా ఆవిడ అన్నం మానేసింది సార్. మంచినీళ్ళు కూడా చెంచాతో పట్టాల్సి వచ్చింది. కళ్ళముందే పోతుందనుకున్నా. ఒక్కటంటే ఒక్క ఉత్తరం అనుకున్నా. అది చదువుకుని లేచి కూర్చుని పెరుగన్నం తింది. ఇంకెలా ఆపను? పోలీసులు దాన్ని చూసి ఫైలు మూసేస్తారని నాకేం తెలుసు? తెలిసిన రోజున నిజం చెప్పేద్దామని స్టేషన్ గేటు దాకా వెళ్ళాను. చెబితే మా ఆవిడ చచ్చిపోతుంది. చెప్పకపోతే పిల్లని వెతికేవాడు లేడు. గేటు దగ్గర గంటసేపు నిలబడి ఇంటికొచ్చేశా."

నేను తిట్టాలనుకుని వచ్చిన తిట్లన్నీ మానుకున్నాను. అయినా నా బుద్ధి పోనిచ్చుకోలేదు. "నడపండి," అన్నాను. "చూస్తాను."

నడిపాడు. మోటార్లు దోమలా సన్నగా మూలిగాయి. పెన్ను దిగింది. 'అమ్మా' అని రాసింది, ఎత్తింది, జరిగింది. 'ఇక్కడ అంతా బాగుంది' అని రాయసాగింది. సున్నా దగ్గర తిరిగి, కలవకుండానే లేచిపోయింది.

గుమ్మం దగ్గర గాజు గ్లాసు పగిలింది. ఆవిడ నాకు మంచినీళ్ళు తెచ్చినట్టుంది. గాజు ముక్కల్లోనే నిలబడి ఆ పెన్ను వంక చూస్తోంది. పెన్ను మాత్రం ఆగకుండా 'దిగులు పడకు' అని రాసుకుంటూ పోతోంది. ఆయన తీగ పీకేశాడు.

"పిల్లి కూడానా?" అంది మొగుడితో.

ఆయన తల వంచుకున్నాడు.

"నాలుగో ఉత్తరంలో రాసిందిగా, చెవి తెగిన బూడిదరంగు పిల్లిని పెంచుకుంటున్నానని. అది కూడా లేదా?"

"నేనే కల్పించానే. నీకు కాస్త నవ్వొస్తుందని."

ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. మెడలో టేపు తీసి చుట్టలు చుట్టలుగా వేలికి చుట్టుకుంటూ గోడవారన కూలబడింది.

సరిగ్గా రెండూ యాభైకి బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్. నేనే రమ్మన్నాను. గెలిచినప్పుడు చూడటానికి ఎదుటివాడు ఉండాలి కదా! డిపార్టుమెంటులో ఆయన్ని తాళంకప్ప అంటారు. ఏ ఫైలు చేతికొచ్చినా తాళం వేసి కూర్చుంటాడు. నన్ను రైటరు ఉద్యోగం నుంచి సాగనంపింది కూడా ఆయనే.

"ఏమయ్యా, ఏదో కొంప మునిగిందన్నావ్?"

"మునిగి తొమ్మిది నెలలైంది. ఇప్పుడు తేలింది." యంత్రం చూపించాను, కిటికీకి ఆనించిన ఉత్తరాలు చూపించాను, సున్నాలు చూపించాను. ఆయన మొహం మొదట ఎర్రబడి, తర్వాత నల్లబడింది. నేను నెమ్మదిగా, రుచి చూసుకుంటూ చెప్పాను.

"మా భూతద్దం ఆరింటికీ సర్టిఫికెట్ ఇచ్చాడయ్యా!" అన్నాడు. భూతద్దం అంటే డిపార్టుమెంటు చేతిరాత నిపుణుడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయనది. కోర్టులో ఆయన మాటంటే మాటే. మిషన్ రాతైతే ఆమడ దూరం నుంచి పట్టేస్తాడు."

"పట్టేశాడు లెండి. కుట్టు దారంతో కట్టిన బొమ్మ ముందు బోర్లాపడ్డాడు. ఆ భూతద్దం తీసి ఎవరైనా కళ్ళున్నవాడికి ఇప్పించండి."

"నోరు అదుపులో పెట్టుకో."

"మీరు ఫైలు అదుపులో పెట్టారు కదా, ఏం సాధించారు? ఒక ఆడపిల్ల మాయమైతే తొమ్మిది నెలలు ఒక్కడంటే ఒక్కడు వీధిలోకి దిగలేదు!"

ఆయన నన్ను వదిలి కాటాల మనిషి మీదికి తిరిగాడు. "పోలీసుల్ని తప్పుదోవ పట్టించినందుకు నిన్ను లోపలేస్తాను, తెలుసా?"

"వేయండి సార్," అన్నాడాయన. "ముందు దాన్ని వెతకండి."

"ఇంకేం వెతకడం? ఉత్తరాలన్నీ దొంగవైతే ఆ పిల్ల..." గోడవారన ఉన్న మనిషిని చూసి ఆగాడు. తాళంకప్పకి కూడా ఆ మాట పూర్తి చేయడానికి నోరు రాలేదు. ఉత్తరాలు ఆరూ లాక్కుని, "ఇవి నేను తీసుకెళ్తున్నా. ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు.

"పొద్దున ఏడోది వచ్చింది, నా దగ్గరుంది. అదీ ఆ తానులో ముక్కే. సాయంత్రం నేనే పట్టుకొచ్చి మీ భూతద్దం ముందు పెడతాను. ఆ సరదా నాకు ఉంచండి."

గుమ్మం దాటుతూ తలుపు విసిరికొట్టాడు. అప్పుడు టైము మూడూ పది. గేటు దగ్గర నిలబడి ఫోన్లో ఎవరి మీదో అరుస్తుంటే కిటికీలోంచి చూశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయికి నన్ను చెప్పుతో కొట్టాలి.

జీపు వెళ్ళిపోయింది. ఆవిడ ఇందాకటి టేపుని ఇంకా వేలికి చుట్టుకుంటూనే ఉంది. "అయితే అది లేదన్నమాట," అంది చివరికి, ఎవరితోనూ కాదు. నా పని అయిపోయింది, నేను గెలిచాను, ఆ ఇంట్లో మిగిలిన ఒక్క దీపాన్నీ నోటితో ఊది ఆర్పేసి నిలబడ్డాను.

వెళ్ళబోతుంటే కాటాల మనిషి గుమ్మం దగ్గర పట్టుకున్నాడు.

"సార్, ఇందాక ఏడోది అన్నారు."

"అవును. ఇవాళ వచ్చిందిగా."

"నేను రాసింది ఆరే సార్."

"ఏంటీ?"

"మీరు వచ్చిన రోజు నుంచి భయమేసి దీని జోలికి పోలేదు. ఆరే రాశాను. ఆ పిల్ల మీద ఒట్టు."

కవరు జేబులోంచి లాగాను. ముందు ముద్ర చూశాను. మా ఊరి ముద్రే, మొన్నటిది. ఈయనెప్పుడూ సొంత ఊళ్ళో వేయలేదు. కాగితం విప్పాను. మూలల్లో టేపు గుర్తుల్లేవు. అక్షరాల మీదుగా, వరసగా, సిరా అలుక్కుపోయి ఉంది. నీలంగా, అరచేతి అంచు రాసుకున్నట్టు. కిటికీ దగ్గరికి పరిగెత్తాను. సున్నాలన్నీ చూశాను. ఒక్కొక్కటీ చూశాను.

అన్నీ కలిశాయి.

"చెల్లెమ్మా! ఇటు రా. ఇది చూడు!"

ఆవిడ లేచి వచ్చి కాగితం అందుకుంది. చదవలేదు. ఆ నీలం మరక మీద వేలు పెట్టింది. "దానిదే," అంది. "చిన్నప్పుడు దాని చేతికి నేను సబ్బుపెట్టి తోమేదాన్ని. ఎంత తోమినా పోయేది కాదు. ఏవండీ, ఇది దానిదేనండీ! ఉంది! నా తల్లి ఉంది!" మొగుడి చొక్కా పట్టుకుని ఊపేసింది. ఆయన నేల మీద కూర్చుండిపోయి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

నేను ఆవిడ భుజం మీదుగా ఉత్తరం చదివాను. నాలుగే నాలుగు వాక్యాలు. 'అమ్మా, నేను బాగానే ఉన్నాను. ఎవరినీ పెట్టి వెతికించొద్దు. పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. దిగులు పడకు.'

పిల్లి.

ఆ పిల్లి లోకంలో లేదు. ఈ మనిషి భార్యని నవ్వించడానికి కల్పించాడు. పిచ్చుక ఆ ఉత్తరం రాయనూ లేదు, చూడనూ లేదు. ఆమెకి పిల్లి సంగతి ఎవడో చెప్పి రాయించాడు. నాలుగో ఉత్తరం చదివినవాడు. తల్లి చదివింది, తండ్రి రాశాడు, నేను చూశాను, ఆ తర్వాత స్టేషన్లో ఆ కాగితం ఇన్‌స్పెక్టర్ చేతుల్లోంచి ఒక్కడి బల్ల మీదికే వెళ్ళింది.

మిషన్ రాతని ఆమడ దూరం నుంచి పట్టేస్తానన్నవాడి బల్ల మీదికి.

వాడు గుడ్డివాడు కాదు. ఆరింటినీ చూసిన మరుక్షణమే పట్టేసి ఉంటాడు. పిల్ల వాడి దగ్గరే ఉంది కాబట్టి, దొంగవని తెలిసే సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆ గురువారం పందెం ఓడిపోయాడు. ఇరవై రెండేళ్ళ పేరు, వాడి మాట మీద జైళ్ళకి వెళ్ళినవాళ్ళు, అంతా ఆ పిల్ల చంకలోని కాగితాల ముందు కూలిపోయి ఉంటుంది. నేను కేసులోకి దిగానని స్టేషన్లో తెలిశాక, నా నోరు మూయించడానికి నిజమైన రాత కావాల్సి వచ్చింది. రాయించాడు.

ఫోన్ తీశాను. మూడూ ముప్పై ఐదు.

"మళ్ళీ ఏంటయ్యా?" అన్నాడు తాళంకప్ప.

"గేటు దగ్గర ఎవరికి ఫోన్ చేశారు?"

"ఇంకెవరికి, ఆ భూతద్దానికే. ఆ పిల్ల ఉత్తరాలు దొంగవని తేలింది, నా పరువు తీశావు కదయ్యా అని కడిగేశాను."

"వాడేమన్నాడు?"

"ఏమంటాడు? నోరు పెగల్లేదు. కాసేపటికి, ఏడోది కూడానా అన్నాడు. అదీ అంతేనటయ్యా అన్నాను."

"ఏడోది వచ్చిందని మీరు ముందు చెప్పారా?"

"నేనెందుకు..." అని ఆగిపోయాడు. జీపు ఇంజను చప్పుడు వినిపిస్తోంది. "లేదు. ఆయనే అడిగాడు."

"పొద్దున వచ్చిన కవరండీ అది! ఈ ఇంట్లోవాళ్ళకీ మనిద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. అందులో ఉన్నది పిల్ల సొంత రాత. బతికుంది. వాడి దగ్గరే ఉంది."

ఆయన్ని తేరుకోనివ్వలేదు నేను.

"వాడెక్కడున్నాడిప్పుడు?"

"తలనొప్పిగా ఉంది, ఇంటికి వెళ్తున్నానన్నాడు." తాళంకప్ప గొంతు అంత చిన్నగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "ఇరవై నిమిషాలు దాటింది."

ఆ పిల్ల రాత నమ్మినన్నాళ్ళే వాడికి ఆ పిల్లతో పని. ఇక ఏ ఉత్తరమూ ఎవరూ నమ్మరని మేమిద్దరమే కబురు పెట్టాం. ఒకడు గొప్ప కోసం, ఒకడు కోపంతో. వాడి ఇంటి అడ్రసు చెప్పమని అరుస్తూ గుమ్మం వైపు పరిగెత్తాను.

ఆవిడ అడ్డం వచ్చింది. ఉత్తరం గుండెకి అదుముకుని ఉంది. మొహమంతా నవ్వు. నేను ఆ ఇంటికి రావడం మొదలుపెట్టాక మొదటిసారి చూశాను ఆ నవ్వు.

"అన్నయ్యగారూ, ఇంకో ఉత్తరం రాస్తుంది కదూ?"

ఆవిణ్ణి తప్పించుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను.